రోలరన్న రేకుల ఇల్లు

రోలరన్న పోయాడని నాకు గుంతకల్లు స్టేషన్‌లో తెలిసింది. రైలు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే ఒక ముసలాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముఖంలోకి వంగి చూసి, "రోడ్ల సారు గదా నువ్వు?" అన్నాడు. పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. కరువు పనుల కాలంలో మాకు నీళ్ల బండి తోలిన మనిషి. పిల్లలూ ఆరోగ్యాలూ మాట్లాడుకున్నాక ఆయనే చెప్పాడు.

"మన రోలరన్న పోయినాడు సార్, పోయినేడు."

"ఎండలకా?" అన్నాను. మా జిల్లాలో ముసలివాళ్లు పోయారంటే ముందుగా నోటికొచ్చే ప్రశ్న అదే.

ఆయన నవ్వాడు. "ఆయప్ప ఎండకు దొరికే మనిషేనా సార్? మంచి వాన పడతాంటే, కడుపు నిండా తిని, పండుకోని, అట్లే పోయినాడు."

చావు కబురు విని నవ్వకూడదంటారు. మేమిద్దరం నవ్వాం. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా నాకు ఆ నవ్వు ఆగలేదు. గుంతకల్లు నుంచి ఇల్లు చేరేవరకూ మనసులో రోలరన్నతోనే ఉన్నాను.

ఆయనకూ ఒక పేరుండేది. దాన్ని ఆఫీసువాళ్లు తప్ప ఎవరూ వాడలేదు కాబట్టి నేనూ ఇక్కడ వాడను.

డెబ్బైల చివర వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. వేరుశనగ వేసినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లుండాల్సిన చోట గొర్రెలు తిరిగేవి. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. ఆ చెరువు దాటి లోపలి పల్లెలకు పోయే బండిదారిని కంకర రోడ్డుగా మార్చాలి. నేను రోడ్ల శాఖలో కొత్తగా చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు రాళ్లు కొట్టి, ఆ కంకరను గంపలతో మోసి దారిమీద పరిచేవాళ్లు. నీళ్లు చల్లాక దానిమీద రోలరు నడిచేది. ఆ రోలరు డ్రైవరే మా రోలరన్న.

రోలరు వెనక తగిలించుకుని తిప్పే రేకుల ఇల్లొకటి ఉండేది. నాలుగు ఇనుప చక్రాల మీద పెద్ద పెట్టె అనుకోండి. పక్కలు రేకు, కప్పు రేకు, ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు. పని ఎక్కడుంటే డ్రైవరు అక్కడే ఉండాలని శాఖ ఇచ్చిన బస అది. మిగతా డ్రైవర్లు ఎండాకాలంలో అందులో సామాన్లు పడేసి, ఏ చెట్టుకిందో మంచం వేసుకునేవాళ్లు. మధ్యాహ్నం పూట అందులో అరగంట కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. మా దారి పొడవునా చెట్టు లేదు. అయినా, చెట్టున్నా సరే, రోలరన్న ఇల్లు వదిలేవాడు కాదు.

కూలివాళ్లంతా దాన్ని డబ్బా అనేవాళ్లు. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండేది.

"డబ్బా అనొద్దప్పా. డబ్బాలో ఉండేది బియ్యం. మనిషుండేది ఇల్లు."

ఆయన నన్ను పదిమంది ముందు సారూ అనేవాడు. ఇద్దరమే ఉంటే ఏమప్పా అనేవాడు. వయసులో నాకు రెండింతలు. పొడుగ్గా, ఎముకల మీద చర్మం అంటించినట్టు ఉండేవాడు. పొద్దంతా ఇంజను పక్కనే నిలబడి ఆ సెగలో పనిచేసేవాడు. తలకు చుట్టిన తువ్వాలు తడిపిన కాసేపటికే అప్పడంలా తయారయ్యేది. "పగలంతా పొయ్యి పక్కన నిలబడేవాణ్ని. మధ్యాన్నం ఒక గంటన్నా మనిషి మాదిరి పండుకోవద్దా?" అని, తన ఇంటి గురించి తాను పడే తాపత్రయానికి ఎవరూ అడక్కుండానే సంజాయిషీ ఇచ్చుకునేవాడు.

ఎండను తిట్టగా నేను వినలేదు. మేమంతా తిట్టేవాళ్లం. ఆయన మాత్రం, "తిట్టేది దండగప్పా. దాన్ని ఏమార్చల్ల," అనేవాడు.

ఆ ఏమార్చడం చూడాల్సిందే. పని ముందుకు జరిగి ఇల్లు కదపాల్సి వచ్చినప్పుడల్లా, కొత్త చోట ముందుగా ఒక్కడే తిరిగేవాడు. తువ్వాలు విప్పి గాలిలోకి ఎత్తి పట్టుకుని, అది ఏ పక్కకు ఎగురుతుందో చూసేవాడు. ఇంటి పొడుగు పక్క పడమటి ఎండకు చిక్కకుండా, తలుపు ఉత్తరానికి వచ్చేలా, ఎన్నిసార్లయినా వెనక్కీ ముందుకూ నడిపి నిలబెట్టేవాడు. కప్పుకు సున్నం కొట్టేవాడు. ఎండకు పెళ్లలు లేస్తే మళ్లీ కొట్టేవాడు. గాలి వచ్చే పక్క కిటికీకి గోనెసంచి కట్టి తడిపేవాడు. దానికి నీళ్లెక్కడివంటే, ఆయన స్నానం చేసిన నీళ్లే. వెడల్పాటి రేకు తొట్టిలో నిలబడి స్నానం చేసి, తొట్టిలో మిగిలిన నీళ్లను చెంబుతో తీసి గోనెమీద పోసేవాడు. ఆయన చుక్క నీళ్లు నేలపాలు చేయగా నేను చూడలేదు.

ఇందులో తన తెలివి ఏమీ లేదనీ, గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో చిన్నప్పుడు చూసిన పనులే ఇవనీ చెప్పేవాడు. సొంత తెలివి వాడినప్పుడు ఏం జరిగిందో కూడా దాచేవాడు కాదు. ఒక ఏడాది పగిలిన కుండల్లో చిక్కుడు గింజలు పెట్టి, తీగలు కప్పుమీదికి పాకించాడట. కప్పంతా పచ్చగా అయ్యింది. ఇక ఎండాకాలం తనదేననుకుని అనంతపురం పోయి జీతం తెచ్చుకుని వచ్చేసరికి, మేకలు కుండల దాకా నాకేశాయి. "కప్పు మీదికి కూడా ఎక్కినాదప్పా ఒకటి. నేనొచ్చేసరికి నా ఇంటి నెత్తిన నిలబడి నన్నే చూస్తాంది," అని చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు.

లోపల గూట్లో ఒక కొవ్వొత్తి నిలబెట్టి ఉండేది. వెలిగించడానికి కాదు. మధ్యాహ్నం భోజనానికి రాగానే ముందు దాన్ని చూసేవాడు. నిటారుగా ఉంటే ఆ రోజు ఇల్లు గెలిచినట్టు. నడుం వంచిందంటే ఎండ గెలిచినట్టు. వంగిన రోజు సరిగా తినేవాడు కాదు. దాన్ని అరచేతుల మధ్య దొర్లించి తిన్నగా చేసి, మళ్లీ నిలబెట్టి, గోనెలు సర్దుకుంటూ కూర్చునేవాడు.

అన్నిటికంటే ఆయన్ను తల్చుకోగానే నాకు వినిపించేది ఒక్క మాట. "తలుపు!" పగలు ఆ తలుపు తెరిచి ఉండటానికి వీల్లేదు. చల్లదనం పారిపోతుందని ఆయన భయం. లోపలికి వెళ్లేవాడు చటుక్కున వెళ్లాలి, వచ్చేవాడు చటుక్కున రావాలి. గడపమీద ఒక కాలు పెట్టి మాట్లాడానో, రోలరు చప్పుడును మించి అరిచేవాడు. అందుకే కూలివాళ్లెవరూ ఆ ఇంటి దరిదాపులకు పోయేవాళ్లు కాదు. "రోలరన్నకు పెండ్లాం లేదు, ఆ డబ్బానే పెండ్లాం," అని ఆడవాళ్లు ఆయన వినేలాగానే నవ్వుకునేవాళ్లు.

ఆ ఏడు రోహిణి కార్తె మొదట్లో జరిగింది ఇది.

కూలికి వచ్చే ఆడవాళ్లలో చంటిపిల్లల తల్లులు కొందరున్నారు. ఇంట్లో వదిలేసి రావడానికి చూసుకునే మనుషులు ఉండరు. రెండు కట్టెలు పాతి, మీద పాత చీర కట్టి, ఆ నీడలో బిడ్డను పడుకోబెట్టి పనికి పోయేవాళ్లు. చీరనీడ కదా, గాలికి ఎగిరేది, సూర్యుడు జరిగితే జరిగేది. గంపకూ గంపకూ మధ్య తల్లి వచ్చి చూసుకునేది.

సుంకమ్మ అని ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల. తొలి కాన్పు, ఆడబిడ్డ. ఆ మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చి బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకున్న మనిషి కూర్చోలేదు. అలాగే నిలబడిపోయింది. తర్వాత ఒక కేక వేసింది. నేను ఆ కేక వినిపించిన వైపు పరుగెత్తాను. బిడ్డ ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు సగం మూతలు పడ్డాయి. మెడ నిలవడం లేదు. పొద్దున్నుంచీ ఏడ్చి ఏడ్చి, కాసేపటి కిందట మానేసిందట. నిద్రపోయిందనుకున్నారట.

"సార్, ఏమన్నా చేయి సార్! ఏడ్సల్యా సార్ నా బిడ్డ!"

ఏం చేయాలో నాకు తోచలేదు. ఆసుపత్రి అనంతపురంలో ఉంది. జీపు ఎప్పుడో గానీ రాదు. నీళ్ల బండి అప్పుడే బావికి పోయింది. ఆడవాళ్లంతా చుట్టూ మూగి గాలి కూడా ఆడకుండా చేశారు.

అప్పుడు రోలరు చప్పుడు ఆగిపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవుల్లో ఉండే చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి అందరం అటు తిరిగాం. రోలరన్న దిగి పెద్ద పెద్ద అంగలు వేస్తూ వచ్చాడు. ఏమైందని అడగలేదు.

"ఇట్ల తే," అని బిడ్డను రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "తల్లొకతే నా ఎంట రావల్ల. తక్కినోళ్లంతా ఆడనే ఉండండి."

తన ఇంటి తలుపు భుజంతో తోసి లోపలికి పోయాడు. వెనకే సుంకమ్మ. తలుపు మూసుకుంది.

మేం బయట ఎండలో నిలబడ్డాం. లోపలి నుంచి ఆయన గొంతు మెల్లగా వినిపించేది. "తువ్వాలు తడిపీ. తలమింద ఎయ్. కాళ్లకు తుడువు. గట్టిగా వద్దు, మెల్లిగా. నువ్వేడ్సొద్దు, ఎవురన్నా ఒకరే ఏడ్సల్ల ఈడ, ఆ బిడ్డ ఏడ్సనీ." తర్వాత ఏమీ వినపడలేదు. నా పక్కన మారెక్క అనే పెద్దామె నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు. నీడలు జరిగినట్టు మాత్రం గుర్తు.

పిల్లిపిల్ల కూసినట్టు ఒక చిన్న ఏడుపు వినిపించింది. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి కోపంగా.

మారెక్క నేలమీద కూలబడి, "నా తల్లీ, ఏడువమ్మా, బాగ ఏడువు!" అని తానూ ఏడ్చింది.

రోలరన్న బయటికొచ్చి తలుపు వెనకనే మూశాడు. "ఏడ్సినాది. పాలు తాగుతాంది. పోండి, పోయి పని చూసుకోండి," అన్నాడు కసురుకున్నట్టు. రోలరు దగ్గరికి పోయి, రోజూ ఎక్కే పక్క కాకుండా రెండో పక్క ఎక్కబోయాడు. కాలు పెట్టడానికి మెట్టు దొరక్క కాసేపు వెతుక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు.

జీపు వచ్చేవరకూ సుంకమ్మ బిడ్డతో అందులోనే ఉంది. ఆసుపత్రిలో చూసి ఫరవాలేదన్నారు. కొన్నేళ్ల తర్వాత ఆ పిల్లను బుక్కరాయసముద్రం సంతలో చూశాను. బడి గౌను వేసుకుని, తల్లి కొంగు లాగుతూ జామకాయలు కొనిమ్మని సతాయిస్తోంది.

మర్నాడు పొద్దున రోలరు ఎక్కబోతున్న రోలరన్న ముందుకు ఇంకొక తల్లి వచ్చి నిలబడింది. చంకలో బిడ్డ. ఏమీ అడగలేదు. ఆయనకేసి చూడనూలేదు, రేకుల ఇంటికేసి చూస్తూ నిలబడింది అంతే.

"ఏమ్మే, ఇదేమన్నా సత్రమనుకున్యావా?" అన్నాడు రోలరన్న.

ఆమె కదల్లేదు.

"అట్ల గుడ్లప్పగించి చూస్తే ఎట్ల? కాళ్లు దులుపుకోని లోపలికి పో. తలుపెయ్యి!"

వారం తిరిగేలోపల ఆయన మంచం బయటికొచ్చింది. తర్వాత పెట్టె, ఆ తర్వాత వంట సామాను. కప్పు కింది ఇనుప కమ్ములకు చీరలతో కట్టిన ఉయ్యాలలు వేలాడాయి, ఆరో ఏడో. మారెక్కకు అప్పటికే చూపు మందగించి, సుత్తి రాయిమీద కంటే వేలిమీదే ఎక్కువ పడుతోంది. ఆమెను పిల్లల దగ్గర కూర్చోబెట్టాను. రోలరన్న తన మంచం రోలరు నీడలో వేసుకున్నాడు. తన ఇంట్లోకి తాను భోజనం వేళ ఒకసారి మాత్రం తొంగిచూసేవాడు. అది కూడా కొవ్వొత్తి కోసం.

కొవ్వొత్తి వంగిపోయింది. ఒక మనిషికి సరిపోయిన చల్లదనం అంతమందికి సరిపోలేదు. అది చూసి ఆయన ముఖం, ఎవరో నలుగురిలో చెంపమీద కొట్టినట్టు అయ్యింది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, ఈ కప్పుకు ఇంగొక కప్పు ఎయ్యల్ల. రేకుకు ఎండ తగలగూడదు. రెంటికీ మధ్యలో గాలి ఆడల్ల."

"దేంతో వేస్తావు? జొన్నసొప్పా?"

"సొప్ప గొడ్లకే లేదు గదప్పా. ఈతకమ్మలు."

మర్నాడు పొద్దున ఆడవాళ్లు పనికి వస్తుంటే దూరం నుంచి ఒక తోపు నడిచి వస్తున్నట్టు కనిపించింది. ఒక్కొక్కరి నెత్తిన ఒక మోపు ఈతకమ్మలు. వంకల్లో కోసుకుని తెచ్చారు. పిల్లలు లేనివాళ్లూ తెచ్చారు. కట్టెలు కట్టి, రేకుకు జానెడు ఎత్తున కమ్మలు పరిచాం. గోనెసంచులు రెండు కిటికీలకూ కట్టాం. వాటికి ఆయన స్నానం నీళ్లు చాలవు కాబట్టి, నీళ్ల బండాయన బావి దగ్గర ఇంకో రెండు బిందెలు తోడి తేవడం మొదలుపెట్టాడు. నేను చెప్పలేదు. రోలరన్న కూడా చెప్పలేదట. "పిల్లోళ్లకు గదా సార్," అన్నాడు అంతే.

ఆ రోజు మధ్యాహ్నం కొవ్వొత్తి కొంచెం తల వాల్చింది. మూడు వైపులా సున్నం కొట్టాక నిలబడింది. రోలరన్న ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మా పైఅధికారి ఇంజనీరుగారు వచ్చింది ఆ తర్వాతే. పెద్దాయన, కోపిష్టి. మా పనులన్నీ చూసుకుంటూ ఎండలో తిరిగి, మిట్టమధ్యాహ్నానికి మా దగ్గరికి చేరేవాడు. రోలరన్న ఇంట్లో ఒక కునుకు తీసి పోవడం ఆయనకు అలవాటు. జిల్లా మొత్తంలో అలా కునుకు తీయగలిగిన రేకుల ఇల్లు అదొక్కటే. ఆ రోజూ జీపు దిగి నేరుగా అటే నడిచాడు. రోలరన్న పరుగున పోయి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"సార్, లోపల పండుకోనుండారు."

"ఎవరు?"

"శానామంది సార్."

ఇంజనీరుగారి ముఖం ఎర్రబడింది. "ఇది గవర్నమెంటు బండి. ఊళ్లోవాళ్లందరికీ పడక గది చేశావా? తప్పుకో."

రోలరన్న తప్పుకున్నాడు. తప్పుకుంటూ, "పోండి సార్. కానీ చెప్పులు ఈడనే ఇడ్సండి. తలుపు మెల్లిగా తీయండి. కడపట్లో ఉండేవాడు శానా గలాటా సార్, వాడు లేస్తే అందర్నీ లేపుతాడు," అన్నాడు.

ఇంజనీరుగారు ఏమనుకున్నాడో, బూట్లు విప్పాడు. లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కేకలు వినపడతాయని ఎదురుచూశాను. వినపడలేదు. కాసేపటికి ఆయన అంతే మెల్లగా బయటికి వచ్చి, తలుపు తానే చేరవేసి, బూట్లు చేత్తో పట్టుకుని రోలరు నీడలోకి నడిచి, రోలరన్న మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఆ చివరివాడు మేలుకునే ఉన్నాడయ్యా," అన్నాడు. "నన్ను చూసి నవ్వాడు."

"మొకం కొత్త గదా సార్," అన్నాడు రోలరన్న.

తర్వాత వాళ్లిద్దరూ కమ్మల గురించీ, సున్నం గురించీ, తలుపు దిక్కు గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. అవతలివైపు కిటికీ గోనెకు బదులు వట్టివేళ్ల తడిక అయితే ఇంకా బాగుంటుందని ఇంజనీరుగారన్నాడు. రోలరన్న, "మాకు యాడ దొరుకుతాది సార్ అది?" అన్నాడు. తర్వాతి వారం జీపులో ఒక తడిక వచ్చింది. పాతదే, అంచులు కొంచెం చిరిగింది. అనంతపురంలో మా ఆఫీసుకు పోయినప్పుడు చూశాను, ఇంజనీరుగారి కుర్చీ వెనక కిటికీ బోసిగా ఉంది. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది.

తడిక తడిపినప్పుడు వచ్చే వాసన దారిన పోయేవాళ్లను ఆపేసేది. ఆడవాళ్లు గంపలు దించుకుని ఆ కిటికీ పక్కన ఒక్క నిమిషం నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చుకుని పోయేవాళ్లు. దానికి మాత్రం రోలరన్న కసిరేవాడు కాదు.

ఎండలు ఇంకా తగ్గకముందే ఆ భాగం పని ముగిసింది. తర్వాతి పని అదే దారిలో ముందుకు, రెండు ఊళ్ల మధ్య ఉన్న మిట్ట దగ్గర. భోజనాలయ్యాక మకాం మార్చాలని అనుకున్నాం. తీరా ఇంటిని రోలరుకు తగిలించే వేళకు పిల్లలంతా నిద్రలో ఉన్నారు.

"తల్లుల్ని పిలిచి ఎత్తుకోమందాం," అన్నాను.

"ఇప్పుడే పండుకోనుండారు సారూ. లేపితే మారెక్క నన్ను కొడతాది."

"మరి ఎట్లా?"

"అట్లే పోదాం."

రోలరు నడక ఎలాగూ మనిషి నడకే. ఆయన దాన్ని అంతకంటే మెల్లగా నడిపాడు. రెండు పక్కలా ఆడవాళ్లు నెత్తిన గంపలూ పారలూ పెట్టుకుని నడిచారు. వెనక నీళ్ల బండి, దాని వెనక నేను. వాళ్లు కొట్టిన కంకర, వాళ్లు పరిచిన దారి. దానిమీద ఆ ఇల్లు నీళ్లమీద పోయినట్టు పోయింది. కిటికీలోంచి చూస్తే ఉయ్యాలలు ఊగీ ఊగనట్టు ఉన్నాయి.

మేం వేసిన రోడ్డు అయిపోయిన చోట పాత బండిదారి మొదలైంది. మోకాటి లోతు గాడీలు, రాళ్లు. రోలరన్న ఆపి దిగాడు. ముందుకు నడిచి ఆ గాడీల్ని చూశాడు, వెనక్కి తిరిగి ఇంటికేసి చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజుకు పని ముగిసిందని అందరికీ నేనే చెప్పి ఉన్నాను. సుంకమ్మ ముందుగా గంప దించింది. పార తీసుకుని పక్కనున్న మట్టి తీసి గాడీలో పోసింది. మిగతావాళ్లు ఆమె వెనకే దిగారు. కొందరు రాళ్లు ఏరి పారేశారు, కొందరు మట్టి పోసి కాళ్లతో తొక్కారు. నేనూ చొక్కా చేతులు మడిచాను. కొంత దూరం చదును కాగానే రోలరన్న ఎక్కి అంతమేర నడిపి ఆపేవాడు. మళ్లీ దిగి మాతో కలిసేవాడు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

మిట్ట దగ్గరికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. గాలి చల్లబడింది. రోలరన్న ఇంజను ఆపాడు. ఒంటినిండా మట్టితో, నీళ్లలా కారే చెమటతో మేమంతా ఆ ఇంటి చుట్టూ నిలబడి, లోపల ఎవరైనా లేచారా అని చెవులు రిక్కించాం. చప్పుడు లేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మారెక్క జుట్టు చెదిరి, కళ్లు నులుముకుంటూ బయటికి తొంగిచూసింది.

"ఏమన్నా," అంది రోలరన్నతో, "ఎప్పుడప్పా ఇంగ బయల్దేరేది?"